ప్రశ్నలు – జవాబులు: అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో గౌరవాలు ఎవరిస్తారు?

అమెరికా మిడ్‌వెస్ట్ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయ క్రీడా విభాగంలో 1978లో టైపిస్టుగా చేరి, 2011లో సహాయ పాలనాధికారిగా పదవీ విరమణ చేసిన తెనాలి ఆడపడుచు ఒకరు ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. ఆటగాళ్ల పేర్లను అవార్డులకూ గౌరవ సంస్థలకూ ప్రతిపాదించే పనిని వారు దాదాపు పాతికేళ్లు చూశారు. వారి కోరిక మేరకు పేరునూ విశ్వవిద్యాలయం పేరునూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: ఫుట్‌బాల్ అనగానే మా ఊరి వాళ్లకు రహీం సాహెబ్, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు సాధించిన నాలుగో స్థానం గుర్తుకొస్తాయి. అమెరికా వారి ఫుట్‌బాల్ వేరని విన్నాను. మన అర్జున అవార్డులాగా ఆ ఆటలో కూడా ప్రభుత్వమే గౌరవాలు ఇస్తుందా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: 1869 నవంబరు 6న న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూ బ్రన్స్‌విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన పోటీని అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌కు మొదటి ఆటగా లెక్కిస్తారు. ఆనాడు ఆడిన ఆట రహీం సాహెబ్ నేర్పిన ఆటకే దగ్గరగా ఉండేది. బంతిని చేత పట్టుకొని పరుగెత్తడం అందులో లేదు. 1880ల్లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ క్యాంప్ చొరవతో జట్టుకు 11 మంది ఉండాలనీ, బంతి ఒక జట్టు వశంలో ఉన్నప్పుడు నిర్ణీత ప్రయత్నాలలోపు కొంత దూరం ముందుకు సాగాలనీ నియమాలు వచ్చాక, అది పూర్తిగా వేరే ఆట అయిపోయింది.

ఇక గౌరవాల విషయానికి వస్తే, ప్రభుత్వానికి ఇందులో పాత్ర లేదు. కళాశాలల క్రీడలను నడిపించే ఎన్.సి.ఎ.ఎ. కూడా ప్రసిద్ధమైన అవార్డులను ఇవ్వదు. పై శ్రేణి జట్లలో జాతీయ విజేత ఎవరో కూడా తాను స్వయంగా తేల్చదు. ఇవన్నీ నగరాల క్లబ్బులు, పత్రికా రచయితలు, కోచ్‌లు, పూర్వ ఆటగాళ్లు కలిసి పెట్టుకున్న సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఏటా కళాశాల ఆటగాళ్లలో మేటి అనిపించుకున్న వారికిచ్చే హైస్మన్ ట్రోఫీని న్యూయార్క్‌లోని డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ 1935లో ప్రారంభించింది. మ్యాక్స్‌వెల్ అవార్డు ఫిలడెల్ఫియా క్లబ్బుది. బంతి పట్టుకొని పరుగెత్తకుండా వరుసలో నిలబడి పోరాడే లైన్‌మన్ల కోసం 1946లో వచ్చిన ఔట్‌ల్యాండ్ ట్రోఫీ ఫుట్‌బాల్ రచయితల సంఘానిది. మన ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టే రోటరీ క్లబ్బును మీరు ఎరుగుదురు కదా, ఆ రోటరీకి చెందిన హూస్టన్ శాఖే 1970లో, క్యాన్సర్‌తో మరణించిన కోచ్ విన్స్ లొంబార్డి పేరిట అవార్డు పెట్టి, దాని విందు ద్వారా వచ్చే సొమ్మును క్యాన్సర్ పరిశోధనకు పంపింది. వీటన్నిటికంటే విస్తృతమైనది నేషనల్ ఫుట్‌బాల్ ఫౌండేషన్. జనరల్ డగ్లస్ మెకార్థర్, సైనిక అకాడమీ జట్టు కోచ్ ఎర్ల్ బ్లేక్, పత్రికా రచయిత గ్రాంట్‌ల్యాండ్ రైస్ కలిసి 1947లో దాన్ని స్థాపించారు. మేటి ఆటగాళ్ల, కోచ్‌ల పేర్లను శాశ్వతంగా నిలిపే కళాశాల ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ను నడిపేది ఆ సంస్థే.

సభ్యుల చందాలు, విందు టికెట్లు, దాతల సొమ్ము మీద ఇవి బతుకుతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఇది వింతగా తోచింది. గౌరవమంటే పై నుంచి దిగి వచ్చేదని తెనాలిలో పెరిగిన నాకు అలవాటైన ఊహ. ఇక్కడ మాత్రం ఊరి పెద్దలు పూనుకొని గుడికి ధ్వజస్తంభం ఎత్తించినట్టుగా సాగుతుంది.

ప్రశ్న: ఇందులో మీ ఉద్యోగం ఏమిటి? మీరు ఓటు వేసేవారా? (రాజమహేంద్రవరం పాఠకురాలు)

జవాబు: నేను ఎన్నడూ ఓటు వేయలేదు. ఓటు వేసేవారి బల్ల మీదికి చేరే కాగితాలను తయారుచేశాను. వాల్టర్ క్యాంప్ ఫౌండేషన్ అవార్డుకు పెద్ద జట్ల ప్రధాన కోచ్‌లూ, విశ్వవిద్యాలయాల క్రీడా సమాచార అధికారులూ ఓటర్లు కాబట్టి, మా సమాచార అధికారి గారి బ్యాలెట్‌ను కవరులో పెట్టి అంటించే పని మాత్రం చాలా ఏళ్లు నాదే.

హాల్ ఆఫ్ ఫేమ్ ప్రతిపాదన మిగిలిన వాటికంటే కష్టమైనది. ఆటగాడు ఏదో ఒక గుర్తింపు పొందిన ఎంపికదారు ప్రకటించిన ఆల్ అమెరికన్ మొదటి జట్టులో ఉండి తీరాలి. ఆల్ అమెరికన్ అంటే, దేశమంతటి కళాశాలల నుంచి ఒక్కో స్థానానికి మేటి ఆటగాణ్ని ఎంచి కూర్చిన ఊహాజట్టు. ఈ ఆనవాయితీ 1889లో మొదలైంది. ఇప్పుడు అసోసియేటెడ్ ప్రెస్, రచయితల సంఘం, కోచ్‌ల సంఘం, వాల్టర్ క్యాంప్ ఫౌండేషన్, స్పోర్టింగ్ న్యూస్ అనే 5 సంస్థల జాబితాలను ఎన్.సి.ఎ.ఎ. లెక్కలోకి తీసుకుంటుంది. ఆటగాడు కళాశాల ఆట ముగించి 10 సంవత్సరాలు గడిచి ఉండాలి. కోచ్ అయితే కనీసం 10 ఏళ్లు ప్రధాన కోచ్‌గా 100 ఆటలు నడిపి ఉండాలి; నా కాలంలో 100కు 60 వంతున గెలిచి ఉండాలన్న నిబంధన కూడా ఉండేది. ఈ జల్లెడలో నిలిచిన పేర్లు ఫౌండేషన్ సభ్యుల బ్యాలెట్‌కు వెళతాయి. ఆ ఓటును చూసుకొని ఆనర్స్ కోర్ట్ అనే తుది సంఘం నిర్ణయిస్తుంది.

నియమం చెప్పడం సులభం. దాన్ని పట్టుకొని ఒక కుటుంబానికి ఉత్తరం రాయవలసి వచ్చినప్పుడు చేయి ఆడదు. 1987 చలికాలంలో ఒక గృహిణి నుంచి మా కార్యాలయానికి ఉత్తరం వచ్చింది. ఆమె తండ్రి 1941లో మా జట్టులో లైన్‌మన్ల వరుసలోని గార్డ్ స్థానంలో ఆడారట. ఆ ఏడాది ఆల్ అమెరికన్ అయ్యారని ఇంట్లో అందరూ చెప్పుకొనేవారట. ఆయన కాలం చేశారు కాబట్టి హాల్ ఆఫ్ ఫేమ్‌కు పేరు పంపమని ఆమె కోరారు. ఆ కాలపు రికార్డులు మా దగ్గర సరిగా లేవు. నేను మూడు సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చొని, మైక్రోఫిల్మ్‌లో 1941 నవంబరు, డిసెంబరు నెలల దినపత్రికలను ఒక్కొక్క పుటే తిప్పాను. డిసెంబరు మొదటి వారం దాటగానే పెర్ల్ హార్బర్ మీద దాడి వార్తలతో పత్రికలు నిండిపోయి, ఆటల జాబితాలు లోపలి పుటల్లో చిన్న అక్షరాలకు కుదించుకుపోయాయి. చివరకు ఆయన పేరు ఒక జాబితాలో రెండవ జట్టులోనూ, మరొక దాంట్లో గౌరవ ప్రస్తావన కిందా దొరికింది. మొదటి జట్టులో ఎక్కడా లేదు.

ప్రతిపాదన పంపడానికి వీలు లేదని రాశాను. ఆ రెండు పుటలకు నకళ్లు తీయించి, వాటితోపాటు ఆ ఏడాది మా జట్టు ఆడిన ప్రతి ఆట ఫలితాన్నీ ఒక కాగితం మీద టైపు చేసి జతపరిచాను. నెల తిరిగేసరికి ఆమె తిరిగి రాశారు. తండ్రి ఇంట్లో చెప్పుకొన్నది అబద్ధం కాదని తెలిసిందనీ, రెండవ జట్టు అన్న మాట కాలక్రమంలో ఇంటివాళ్లే జారవిడిచి ఉంటారనీ ఆ ఉత్తరంలో ఉంది. ఆ నియమాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే జాబితాకు అంతు ఉండదు. అయితే గీతకు ఇవతల నిలిచిపోయిన వారి కాగితాలను కూడా కళాశాలలు భద్రంగా ఉంచాలని నేను ఆనాటి నుంచి పట్టుబట్టాను, ఇప్పటికీ అంటాను.

ప్రశ్న: గాయకుడు పాల్ రోబ్సన్ కూడా ఈ ఆట ఆడాడని మా నాన్నగారు చెప్పేవారు. ఆయనకు ఈ గౌరవం దక్కిందా? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: మీ నాన్నగారు చెప్పింది నిజం. ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు ప్రత్యేకమైన సంతోషం కలిగింది, ఎందుకంటే ఈ సంస్థల మంచీ చెడూ రెండూ రోబ్సన్ కథలో కనిపిస్తాయి.

రోబ్సన్ 1915లో స్కాలర్‌షిప్ మీద రట్గర్స్‌లో చేరారు. ఎంపిక ఆటల్లో సొంత కళాశాల కుర్రవాళ్లే ఆయన ముక్కు పగలగొట్టారు. 1916లో దక్షిణాది కళాశాల జట్టు ఒకటి నల్లజాతి ఆటగాడున్న జట్టుతో ఆడబోమని అంటే, రట్గర్స్ ఆయనను పక్కన కూర్చోబెట్టింది. అయినా 1917, 1918 సంవత్సరాలలో ఆయన ఆల్ అమెరికన్ అయ్యారు. చదువులో ప్రథముడిగా నిలిచి 1919లో పట్టభద్రుల తరఫున వీడ్కోలు ప్రసంగం చేశారు. తర్వాత లా చదివారు, పాడారు, నటించారు, శ్రామికుల పక్షాన, వర్ణవివక్షకు వ్యతిరేకంగా మాట్లాడారు. ఆ మాటలకు ఫలితంగా 1950లో ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాక్కుంది; సుప్రీంకోర్టు తీర్పుతో 1958లో గానీ అది తిరిగి రాలేదు. ఆ 1958లోనే ఆయన 60వ పుట్టినరోజును మన దేశంలో సభలు పెట్టి జరుపుకొన్నారు, నెహ్రూ స్వయంగా అభినందన ప్రకటన చేశారు. మీ నాన్నగారి తరం వారికి ఆయన అంత దగ్గరగా తెలియడానికి అదొక కారణం కావచ్చు.

హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి బృందాన్ని 1951లో ప్రకటించారు. నల్లజాతి ఆటగాళ్లలో మొదటివాడైన ఫ్రిట్జ్ పొలార్డ్ 1954లో ఎంపికయ్యారు. కాబట్టి తలుపు పూర్తిగా మూసి లేదు. రోబ్సన్‌కు మొదటి జట్టు అర్హత ఒకసారి కాదు, రెండుసార్లు ఉంది. అయినా ఆయన పేరు 1995లో గానీ హాల్‌లోకి చేరలేదు. ఆయన 1976లో మరణించారు. అంటే మరణించిన 19 సంవత్సరాలకు గానీ ఆ గౌరవం దక్కలేదు. ఆటతోపాటు ఆ తర్వాతి పౌర జీవితాన్ని కూడా పరిశీలించాలని ఎంపిక నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. పెట్టినప్పుడు అది మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. మంచి పౌరుడు ఎవరన్నది ఆనాటి గాలిని బట్టి మారిపోతుందని, ఆ వాక్యమే రోబ్సన్‌కు అడ్డు నిలిచిందని నా గట్టి అభిప్రాయం. ఆయన ఎంపిక వార్త వచ్చిన రోజు మా కార్యాలయంలో ఆ ప్రకటనను నోటీసు బోర్డు మీద నేనే అంటించాను. మా జట్టులోని నల్లజాతి విద్యార్థులు ఇద్దరు దాని ముందు నిలబడి చదివి, ఈయన పాటగాడు కదా అని నన్ను అడిగారు. ఆ పూట పని ఆపి వాళ్లకు ఈ కథంతా చెప్పాను.

దీనికి అనుబంధంగా మరొక మాట. నల్లజాతి వారి కోసం ఏర్పడిన కళాశాలల్లో చాలావరకు చిన్న శ్రేణుల్లో ఆడేవి కాబట్టి, వాటి ఆటగాళ్లు చాలా కాలం ఈ లెక్కలోకే రాలేదు. 1996లో చిన్న శ్రేణులకు కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు కల్పించాక జాక్సన్ స్టేట్‌లో ఆడిన వాల్టర్ పేటన్, ఆ మరుసటి ఏడాది గ్రాంబ్లింగ్ కళాశాలను 408 ఆటల్లో గెలిపించిన కోచ్ ఎడ్డీ రాబిన్‌సన్ వచ్చి చేరారు. అయినా తమవారిని తామే గుర్తుంచుకోవాలనే పట్టుదలతో 2009లో బ్లాక్ కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేరుగా ఏర్పడింది. అది ఏర్పడడం న్యాయమే.

ప్రశ్న: ఓట్ల మీద నడిచే అవార్డులంటున్నారు. మరి ప్రచారం, సిఫార్సులు ఉండవా? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: ప్రచారం ఉంటుంది, బహిరంగంగానే ఉంటుంది. 1970లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ సమాచార అధికారి తమ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకొని జట్టు దాడిని నడిపే ఆటగాడు) ఇంటిపేరు పలికే తీరునే మార్పించారు. అప్పటిదాకా థీస్‌మన్ అని పలికే పేరు, హైస్మన్‌తో ప్రాస కుదిరేలా థైస్మన్ అయింది. ఆ ఏడు ఆయనకు రెండో స్థానం దక్కింది. 1990లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం తమ టై డెట్మర్ పేరు గుర్తుండేలా అట్టతో చేసిన టైలను ఓటర్లకు పోస్టులో పంపింది, ఆయన గెలిచారు. 2001లో ఒరెగాన్ విశ్వవిద్యాలయం తమ జోయీ హ్యారింగ్టన్ బొమ్మతో న్యూయార్క్‌లో ఒక భవనం మీద రెండున్నర లక్షల డాలర్ల హోర్డింగు నిలిపింది. ఆయన నాలుగో స్థానంలో ఆగారు.

మా విశ్వవిద్యాలయానికి అంత స్తోమత లేదు. మేము ఓటర్లకు వారానికి ఒక పోస్టుకార్డు పంపేవాళ్లం. దాని మీద ఆ వారం ఆట అంకెలు తప్ప మరేమీ ఉండకూడదని మా పై అధికారి నియమం. అంకెలో తప్పు దొర్లితే ఆటగాడికి మచ్చ వస్తుందని ప్రతి కార్డునూ ఇద్దరం చదివి సరిచూసేవాళ్లం. నాకు ఆ పద్ధతే నచ్చింది, ఇప్పటికీ దాన్నే సమర్థిస్తాను.

ప్రశ్న: హైస్మన్ ట్రోఫీని ఎవరు నిర్ణయిస్తారు? దానికి ఆ పేరెలా వచ్చింది? (డల్లాస్ పాఠకురాలు)

జవాబు: 1935లో తొలిసారి ఇచ్చినప్పుడు దానికి క్లబ్బు పేరే ఉండేది, షికాగో విశ్వవిద్యాలయ ఆటగాడు జే బర్వాంగర్ అందుకున్నారు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న కళాశాలల వరకే ఆ ఏడు లెక్కలోకి తీసుకున్నారు. క్లబ్బు క్రీడా సంచాలకుడు, పూర్వపు కోచ్ జాన్ హైస్మన్ 1936 అక్టోబరులో మరణించాక ఆయన పేరు పెట్టారు. బర్వాంగర్ గారు వృత్తి ఫుట్‌బాల్ ఆడనే లేదు, ఆ కంచు బొమ్మను వారి దగ్గరి బంధువొకరు చాలాకాలం తలుపుకు అడ్డంగా ఉంచారట.

దేశాన్ని 6 ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతం నుంచి 145 మంది చొప్పున 870 మంది పాత్రికేయులు, వారితోపాటు జీవించి ఉన్న పూర్వ విజేతలందరూ, అభిమానుల తరఫున ఒక్క ఓటు. ప్రతి ఓటరూ వరుసగా ముగ్గురి పేర్లు రాస్తారు. మొదటి పేరుకు 3, రెండోదానికి 2, మూడోదానికి 1 వంతున గుణించి కూడతారు. ఆ క్లబ్బు భవనం న్యూయార్క్ వెస్ట్ స్ట్రీట్‌లో, ప్రపంచ వాణిజ్య కేంద్రానికి సమీపంలో ఉండేది. 2001 సెప్టెంబరు 11 తర్వాత మూతపడి మళ్లీ తెరుచుకోలేదు, క్లబ్బు దివాలా తీసింది. ట్రోఫీని ఇప్పుడొక ట్రస్టు నడుపుతోంది. ఊరూపేరూ ఇచ్చిన ఇల్లు పోయినా గౌరవం ఆగకుండా సాగిందంటే, ఆ ఏడాదే వేరే చోటు వెతికి వేడుక జరిపించిన కార్యదర్శులు, గుమాస్తాల శ్రమను తలుచుకోకుండా ఉండలేను.

ప్రశ్న: ఆడేవారు చదవరని మా ఇంట్లో అంటారు. అక్కడ చదువుకు విలువ ఇచ్చే అవార్డు ఏదైనా ఉందా? (గుంటూరు విద్యార్థి)

జవాబు: ఉంది బాబూ. నేషనల్ ఫుట్‌బాల్ ఫౌండేషన్ 1959 నుంచి చదువులోనూ ఆటలోనూ రాణించిన వారికి పై చదువుల కోసం స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. వారిలో అగ్రగణ్యుడికి 1990 నుంచి ఒక ట్రోఫీ ఇస్తున్నారు. మొదట దాన్ని డ్రాడీ ట్రోఫీ అనేవారు, 2009 నుంచి విలియమ్ క్యాంప్‌బెల్ ట్రోఫీ అంటున్నారు. క్యాంప్‌బెల్ కొలంబియా విశ్వవిద్యాలయ జట్టుకు నాయకుడై, తర్వాత కోచ్ అయి, ఆ పైన సిలికాన్ వ్యాలీలో ఆపిల్, గూగుల్ పెద్దలకు సలహాలిచ్చిన వ్యక్తి. అభ్యర్థికి 4కు కనీసం 3.2 సగటు మార్కులు, జట్టులో ముఖ్య స్థానం, నాయకత్వం, సేవ ఉండాలి. మొదటి ట్రోఫీ అందుకున్న క్రిస్ హోవర్డ్ వైమానిక అకాడమీ ఆటగాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివించే రోడ్స్ స్కాలర్‌షిప్ పొంది, హెలికాప్టర్ నడిపి, తర్వాత కళాశాల అధ్యక్షుడయ్యారు. 1996లో డ్యానీ వార్ఫెల్ హైస్మన్‌ను, దీన్ని ఒకే ఏడాది గెలుచుకున్నారు.

ఒక కళాశాల నుంచి ఒక్కరినే పంపాలి. ఒక ఏడు మా దగ్గర అర్హులు ఇద్దరున్నారు. ఒకరు అందరూ ఎరిగిన క్వార్టర్‌బ్యాక్. రెండోవారు రసాయనశాస్త్రం చదువుతూ, ప్రతి మంగళవారం అనాథ బాలలకు లెక్కలు చెప్పే లైన్‌మన్. ఇద్దరి దస్త్రాలనూ నేనే తయారుచేశాను. మా సంఘం లైన్‌మన్‌ను ఎంచింది, ఫౌండేషన్ కూడా ఆయనను స్వీకరించింది. ఆ డిసెంబరులో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో జరిగిన విందుకు నన్ను కూడా తీసుకెళ్లారు. మెట్లు మెట్లుగా ఎత్తు పెరిగిన వేదిక మీద పూర్వ వీరులు కూర్చున్నారు, నేను ఉప్పాడ చీరలో కింద ఒక గుండ్రటి బల్ల దగ్గర ఉన్నాను. ఆ అబ్బాయి పేరు పిలిచినప్పుడు వాళ్ల అమ్మ నా చేయి పట్టుకున్నారు. మీ ఇంట్లోవారికి ఆ నిబంధనల కాగితం ఒకసారి చూపించండి, ఆటకు వెళ్లనిస్తారు.

ప్రశ్న: హాల్ ఆఫ్ ఫేమ్ ఎక్కడుంది? మీరు చూశారా? (బెంగళూరు పాఠకుడు)

జవాబు: 1978లో ఒహాయోలోని కింగ్స్ మిల్స్‌లో తెరిచారు, సందర్శకులు చాలక మూసేశారు. 1995లో నోటర్‌డామ్ ఉన్న సౌత్ బెండ్‌కు మార్చారు. అక్కడా 2012లో ముగిసింది. 2014 నుంచి అట్లాంటాలో ఉంది. మూడు చోట్లా చూశాను.

ప్రశ్న: మా ఊరికి వచ్చినప్పుడు ఆ భవనంలో మీకు ఏది బాగా నచ్చింది? (అట్లాంటా పాఠకురాలు)

జవాబు: మా అమ్మాయి మీ ఊళ్లోనే ఉంటోంది, మనవరాలిని వెంటబెట్టుకొని వెళ్లాను. లోపలికి అడుగుపెట్టగానే ఎత్తయిన గోడ నిండా ఏడు వందలకు పైగా కళాశాలల హెల్మెట్లు వరుసలుగా ఉంటాయి. టికెట్టు దగ్గర మన కళాశాల పేరు చెబితే ఆ హెల్మెట్ వెలుగుతుంది. మాది ఎక్కడో పై వరుసలో వెలిగింది. దాన్ని వెతకడానికి మనవరాలికి కాస్త సమయం పట్టింది.

పై అంతస్తులో, ఎంపికైన వారి వివరాలు చూపే తెరలున్నాయి. రోబ్సన్ పుటను మనవరాలికి చదివి వినిపించాను. తర్వాత 1941 నాటి మా గార్డ్ పేరును ఒక్కొక్క అక్షరమే నొక్కాను. అక్కడ ఉండదని నాకు తెలుసు. ఎవరి కోసం వెతుకుతున్నావని పిల్ల అడిగింది. అక్కడే బెంచీ మీద కూర్చొని, ఆయన ఆడిన స్థానం, ఆ ఏడాది జట్టు గెలిచిన ఆటలు, పత్రిక లోపలి పుటలో చిన్న అక్షరాలతో పడిన ఆ పేరు, నాకు గుర్తున్నంత మేరకు చెప్పాను.